ప్రతి ఎక్కడ ఆగింది?

తెలుగు సాహిత్య పత్రికల అమ్మకాలు పడిపోతున్నాయన్న మాట సభల్లోనూ ముందుమాటల్లోనూ తరచూ వినబడేదే గాని, ఆ తగ్గుదల ఎక్కడ మొదలై ఏ దారిలో సాగిందో లెక్క తీసి చూపిన సందర్భాలు బహు తక్కువ. చదివేవారు లేరు, సెల్‌ఫోను వచ్చి పత్రికను మింగేసింది, బడిలో తెలుగు మాధ్యమం పోయింది అన్న మూడు కారణాలూ ముందే సిద్ధంగా ఉండటంతో విచారణ జరపవలసిన అవసరమే ఎవరికీ కనిపించదు. వాటిలో నిజం లేదని కాదు. ఏది ఏ మేరకు నిజమో తేలకుండానే ధర పెంచడం, పేజీలు తగ్గించడం, చివరికి పత్రికనే ఆపివేయడం జరిగిపోతున్నాయన్నదే అభ్యంతరం. ‘చందమామ’ ఆగిపోవడాన్ని పిల్లలు చదవడం మానేశారనడానికి రుజువుగా చూపడం పరిపాటి అయింది. 1947లో మొదలైన ఆ పత్రికను 2007లో కొన్న జియోడెసిక్ సంస్థ ఆ తర్వాత అప్పులు తీర్చలేక కుప్పకూలిందన్న సంగతి మాత్రం ఆ వాదనలో ఎక్కడా వినబడదు.

సరుకు ఎవరికి, ఎక్కడ, ఎందుకు చేరుతోందో, ఎందుకు చేరడం లేదో క్రమపద్ధతిలో సమాచారం సేకరించి నిర్ధారించే పనిని మార్కెట్ పరిశోధన అంటారు. సబ్బులు అమ్ముకునేవారి విద్యగా సాహిత్యలోకం దాన్ని చిన్నచూపు చూస్తుంది గాని, అమెరికాలో ‘శాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ను ప్రచురించిన కర్టిస్ సంస్థ 1911లో చార్లెస్ కూలిడ్జ్ పార్లిన్‌ను నియమించి నడిపించిన విభాగాన్నే ఈ విద్యకు ఆరంభంగా లెక్కించడం వాడుక. అంటే అది పత్రికల ఇంట పుట్టిన విద్యే. ఆ విభాగం పాఠకుల కోసం కన్నా ప్రకటనదారుల కోసమే ఎక్కువ శ్రమించిందన్నది వేరే సంగతి.

అమ్మకం తగ్గిందన్నప్పుడు ఏ అంకె తగ్గిందో ముందు తేలాలి. అచ్చువేసిన ప్రతుల సంఖ్య ఒకటి. అందులోంచి ఉచిత ప్రతులూ ఏజెంట్లు తిప్పిపంపినవీ తీసివేయగా మిగిలే నికర అమ్మకం మరొకటి. ఆ ప్రతుల్ని మొత్తం ఎందరు చదివారన్న పాఠకసంఖ్య మూడోది. రెండోదాన్ని 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ తన సభ్యపత్రికల విషయంలో ఆరునెలలకోసారి తనిఖీ చేసి ధ్రువీకరిస్తుంది. మూడోదాన్ని ఇండియన్ రీడర్‌షిప్ సర్వే ఇళ్లకు మనుషులను పంపి, వారపత్రికైతే గడచిన వారంలో, మాసపత్రికైతే గడచిన నెలలో చదివారా అని అడిగి అంచనా కట్టింది. ఈ రెండు అంకెలూ కలిసి నడవాలన్న నియమం లేదు. అద్దె పుస్తకాల షాపులు బాగా నడిచిన 1970, 80 దశకాల్లో సీరియల్ కోసం ఒకే వారపత్రిక ప్రతి, మరుసటి సంచిక వచ్చేలోగా ఎన్నో ఇళ్లు చుట్టివచ్చేది. అలాంటి షాపు ఒకటి మూతపడితే పత్రిక లెక్కలో తగ్గేది రెండు మూడు ప్రతులే, పోయేది మాత్రం ఒక పేట పాఠకులు. కాబట్టి ఆనాటి అమ్మకాల అంకెలను మాత్రమే నేటివాటితో పోల్చేవారు నష్టాన్ని తక్కువగానే చూస్తున్నారనుకోవాలి.

జాతీయ స్థాయి సర్వేలు చిన్న పత్రికకు అక్కరకు రావు. 2017 నాటి రీడర్‌షిప్ సర్వే సుమారు 3.2 లక్షల ఇళ్లను నమూనాగా, అనగా దేశం మొత్తానికి ప్రతినిధులుగా, ఎంచుకుంది. సగటున దాదాపు వెయ్యి ఇళ్లకు ఒకటి చొప్పున అడిగినట్టయింది గనుక మూడువేల ప్రతులు అమ్ముడయ్యే సాహిత్య మాసపత్రికను కొనే ఇళ్లు ఆ నమూనాలో రెండో మూడో తగిలితే గొప్ప. పెద్ద పత్రికలకూ చిక్కులు తప్పలేదు. 2014 జనవరిలో వెలువడిన ఫలితాల్లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని దినపత్రికలన్నీ 30 నుంచి 65 శాతం దాకా పాఠకులను కోల్పోయినట్టు కనబడటాన్నీ, నాగపూర్‌లో అరవై వేలకు పైగా ప్రతులు అమ్ముడయ్యే ‘హితవాద’కు ఒక్క పాఠకుడూ లేనట్టు తేలడాన్నీ ఎత్తిచూపుతూ ప్రముఖ పత్రికా సంస్థలు ఆ సర్వేను ఉమ్మడిగా తిరస్కరించాయి. 2020లో కోవిడ్ వల్ల క్షేత్రస్థాయి పని నిలిచిపోయాక ఏళ్ల తరబడి కొత్త ఫలితాలే రాలేదు.

కనుక సాహిత్య పత్రిక తన విచారణను తన కార్యాలయంలోనే మొదలుపెట్టాలి. అక్కడ ఉన్న ఆధారాలను ఖర్చు లేనివన్న కారణంతోనే కాబోలు ఎవరూ పట్టించుకోరు. ఏజెంటు తిప్పిపంపిన కట్టల సంగతే చూడవచ్చు. కట్టిన తాడు కట్టినట్టే ఉండి, లోపలి ప్రతుల అంచులు కూడా నలగకుండా వచ్చిందంటే ఆ సంచిక స్టాలులో బయటపెట్టనే లేదని అర్థం. అట్ట మాసి, మూలలు మడతపడి, విషయసూచిక పేజీ దగ్గర వేళ్ల మరకలతో వచ్చిందంటే జనం చేతిలోకి తీసుకొని, తిరగేసి, వద్దనుకున్నారని అర్థం. మొదటిది పంపిణీ లోపం, రెండోది రచనల ఎంపికకో ధరకో సంబంధించినది. రిజిస్టరులో రెండూ ‘రిటర్నులు’ అన్న ఒకే గడిలోకి చేరిపోతాయి. ఇక పది ప్రతులు తెప్పించుకొని మూడు రోజుల్లో అన్నీ అమ్మేసిన స్టాలు లెక్కలో కూడా పది అన్న అంకే పడుతుంది తప్ప, నాలుగో రోజున అడిగి లేదనిపించుకొని వెళ్లినవారు ఏ కాగితం మీదా కనబడరు. రిటర్నులు పెరిగాయని అందరికీ సమానంగా కోత పెట్టినప్పుడు ముందు నష్టపోయేది ఆ బాగా అమ్మే స్టాలే.

చందాల పుస్తకం ఇంకా నిక్కచ్చి ఆధారం. చందా ఏ నెలలో ముగిసింది, ఎన్ని ఏళ్లు కొనసాగాక ముగిసింది, ఏ పిన్‌కోడ్లలో ఎక్కువగా ముగుస్తోంది అన్నవి వరుసగా రాసుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. ఊరంతటా ఒక్కొక్కటిగా ఆగితే అభిరుచి మారిందనుకోవచ్చు. ఒకే తపాలా కార్యాలయం పరిధిలో ఒక్కసారిగా ఆగితే సంచికలు అందడం లేదేమోనని అనుమానించాలి. మామూలు టపాలో వేసిన పత్రిక ఎక్కడ దారితప్పిందో కనిపెట్టే వీలు పంపినవారికి లేదు కదా.

ఆ తర్వాతే ప్రశ్నావళి. పత్రికలోనే ఒక పేజీ అచ్చువేసి నింపి పంపమనడం మన పత్రికలకు అలవాటైన పద్ధతి. దానికి జవాబిచ్చేది పత్రికను ఇంకా కొంటున్నవారు, అందులోనూ అభిమానం మిక్కిలిగా ఉన్నవారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు ‘లిటరరీ డైజెస్ట్’ వారపత్రిక తన చందాదారుల, టెలిఫోన్, కారు యజమానుల జాబితాలు పట్టుకొని దాదాపు కోటి మందికి కార్డులు పంపి, తిరిగివచ్చిన 23 లక్షలకు పైగా జవాబులను బట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. సుమారు 61 శాతం ఓట్లతో రూజ్‌వెల్ట్ గెలిచాడు. ఎంతో చిన్న నమూనాతో సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ ఫలితాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. జవాబివ్వనివారు జవాబిచ్చినవారివంటివారు కారన్న ఈ దోషం, పరాభవం తర్వాత రెండేళ్లకే ఆ పత్రిక కనుమరుగవడంతో పాఠ్యపుస్తకాల్లోకెక్కింది.

అడగవలసింది మానేసినవారిని. వారిని కూడా ‘పత్రిక ఎలా ఉంది’ అని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు, తీరిక లేక చదవలేకపోతున్నామంటారు. చివరిగా చేతికందిన సంచిక ఏ నెలది, అందులో చదివినది ఏది, చదవకుండా వదిలేసినది ఏది, ఆ తర్వాత కథలూ వ్యాసాలూ మరెక్కడ చదువుతున్నారు అని జరిగిన విషయాలు అడిగినప్పుడే ఉపయోగపడే జవాబు వస్తుంది. యాభైమందిని ఈ తీరున ఓపికగా అడగడం, వెయ్యిమంది చేత గడులు నింపించడం కంటే మేలు.

ఇంత చేసినా ఏ కథ వేయాలో, ఏ కవిని పరిచయం చేయాలో సర్వే చెప్పదు, చెప్పనివ్వకూడదు కూడా. ఎంపిక సంపాదకుడి బాధ్యత, ఆ ఎంపిక పాఠకుడి చేతిదాకా వెళ్లిందో లేదో తేల్చడమే పరిశోధన పని. అందువల్ల తెలుగు సాహిత్య పత్రికల నిర్వాహకులు వచ్చే ధరల పెంపుకు ముందుగా, గడచిన రెండేళ్లలో చందా ఆపినవారి జాబితా తీయించి ఫోన్లు చేయించాలి. పాఠకులు కూడా సంచిక అందని నెలలోనే చందా సంఖ్య, పిన్‌కోడ్ రాసి ఆ సంగతి కార్యాలయానికి తెలియజేయాలని మనవి.