రెండో గీత రహస్యం

మన సినిమాల్లో డాక్టరమ్మ నాడి పట్టుకుని "కంగ్రాచ్యులేషన్స్" అనేస్తే సరి! నిజ జీవితంలో అంత సులువు కాదండీ. అండం విడుదలయ్యే వేళ తెలిపే ఓవ్యులేషన్ టెస్టు పట్టీ తెచ్చి, "గురూ, రెండు గీతలొచ్చాయి. పాజిటివేగా?" అన్నాడు మా మిత్రుడొకడు. రెండోది లేతగా ఉంది. కాదన్నాను. గర్భం టెస్టులో లేత గీతైనా లెక్కకొస్తుంది. ఇక్కడ మాత్రం టెస్టు గీత కంట్రోలు గీతంత ముదురుగానో, ఇంకా ముదురుగానో ఉంటేనే పాజిటివ్! ఎల్.హెచ్. హార్మోను పెరిగిందన్నమాట. సాధారణంగా 24-36 గంటల్లో అండం విడుదలవుతుంది. ఆ రోజూ, మర్నాడూ వదులుకోకండి. లేతగా ఉంటే రేపు మళ్ళీ చూడండి. పి.సి.ఒ.ఎస్. ఉన్నవాళ్ళకి ఈ గీత అబద్ధమాడొచ్చు. ఏడాదైనా (ఆమెకు 35 దాటితే ఆర్నెల్లకే) ఫలితం లేకపోతే డాక్టర్ని కలవండి, ఇద్దరూ! కోడలొక్కతే మాటలు పడటం సినిమాల్లో చూసింది చాలు.