బిడ్డ గుడ్డలు బిడ్డకా, చూసేవాళ్లకా?

మా డోన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నానికి వీధులు ఖాళీ. నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. పగలంతా కాగిన మిద్దెలు రాత్రి పది గంటలకు కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. ఇలాంటి ఊళ్లో, మొదటి పుట్టినరోజని ఏడాది పాపకు నాలుగు పొరల నెట్ గౌను, లోపల సాటిన్ లైనింగు, నడుముకు బిర్రుగా ఎలాస్టిక్, తలకు పెద్ద పువ్వున్న బ్యాండు వేసి, ఆ బిడ్డను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుస్తూ ఫోటోలు తీస్తున్నాం. పాప గుక్కపెట్టి ఏడిస్తే "దిష్టి తగిలిందేమో" అంటారు. దిష్టి కాదమ్మా, ఉడుకు!

రెండేళ్లలోపు పిల్లలకు ఇంట్లో కుట్టిన పల్చటి నూలు గుడ్డలను మించినవి లేవని నా అభిప్రాయం. పాత చీరతో కుట్టినా సరే. కాదు, పాత చీరైతే ఇంకా మేలు. ఇది పాతకాలం చాదస్తమని కొందరు నవ్వుకోవచ్చు. కానీ లెక్క చూడండి. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో ఎనిమిది శాతానికి పైగా తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది అర శాతం కూడా ఉండదు. పసిపిల్లల చర్మంలో చెమట బయటికొచ్చే గొట్టాలు ఇంకా సరిగా ఎదిగి ఉండవు. అవి మూసుకుపోతే మెడ మడతల్లో, వీపు మీద ఎర్రగా చెమటకాయలు లేస్తాయి. వాటికి పౌడరు మీద పౌడరు చల్లుతాం తప్ప, పైనున్న గుడ్డ మార్చాలని మనకు తోచదు.

విచిత్రమేమిటంటే, పత్తికి మనం పరాయివాళ్లం కాదు. ఆదోని పత్తి మార్కెట్ మనకు ఎంత దూరం? 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు కూడా మన పాత కర్నూలు జిల్లాదే. ఆయనకు 1954లో పద్మశ్రీ ఇచ్చారు. పత్తి, నేత రెండూ తెలిసిన సీమలో పుట్టిన బిడ్డకు ప్లాస్టిక్ లాంటి గౌను తొడుగుతున్నాం.

కుట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. బాగా ఉతికి మెత్తబడిన వాయిల్ చీరనో, పెద్దాయన పంచెనో తీసుకోండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే ఎక్కడ చివికిందో తెలుస్తుంది. ఆ ముక్కలు పొత్తిగుడ్డలకు, గట్టిగా ఉన్నవి జుబ్బాలకు. కొత్త గుడ్డయితే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, అప్పుడు కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుకే చంకల దగ్గర బిగుసుకుపోతుంది. తల మీంచి తొడిగేది కాకుండా, ముందు ఒకదానిమీద ఒకటి మడిచి పక్కన కట్టే జుబ్బా కుట్టండి. మెడ ఇంకా నిలవని బిడ్డకు అదే సుఖం. కుట్టు అంచులు బయటికి రావాలి. చూడ్డానికి తిరగేసి తొడిగినట్టుంటుంది, ఉండనీయండి. ఒరుసుకునేది బిడ్డకు, మనకు కాదు. బొత్తాములు, పూసలు, చెమ్కీలు వద్దు. చేతికందిందల్లా నోట్లోకే పోయే వయసది. కట్టే దారాలు పొట్టిగా ఉండాలి, పక్కనే ఉండాలి, మెడ దగ్గర అసలు ఉండకూడదు. పిల్లల గుడ్డలకు మెడ దగ్గర, టోపీ దగ్గర తాళ్లు పెట్టొద్దని అమెరికాలో 1996లోనే తయారీదారులకు చెప్పారు. కుళ్లాయి ఎంత ముద్దుగా కుట్టినా చలిలో బయటికి తీసుకుపోయేటప్పుడే. నిద్రపోయే బిడ్డకు తల చుట్టూ బిగించకండి, ఒంట్లో వేడి తల నుంచి కూడా పోవాలి. బొంత కూడా అంతే, ఏడాది లోపు బిడ్డకు కప్పకూడదు. పాకే పిల్లలకు కింద పరిచేందుకు బాగుంటుంది. గంజి మాత్రం పెట్టకండి! మా బోరు నీళ్లకే గుడ్డలు అట్టముక్కల్లా అవుతాయి.

ఇదంతా తెలిసినా చాలామందిని ఆపేది నామోషీ. మా బంధువుల ఇంట్లో ఉయ్యాల వేడుకకు బాలింత తన బిడ్డకు వాళ్ల జేజి చీరతో కుట్టిన జుబ్బా వేసింది. వచ్చినామె ఒకావిడ గుమ్మంలోనే అందుకుంది: "యాలమ్మా, అంగట్లో ఒక గౌను కొనే గతి లేదా?" ఆ పిల్ల మాట్లాడలేదు. లోపలికి పోయి జుబ్బా విప్పి, ఎవరో తెచ్చిన తళతళల గౌను తొడిగి తెచ్చింది. మళ్లీ ఆ జుబ్బాలు బయటికి తీయలేదు. ఇదే పల్చటి గుడ్డను మస్లిన్ అని పేరు పెట్టి, డబ్బాలో మడిచి వందల రూపాయలకు అమ్మితే మాత్రం "ఎంత మెత్తగా ఉందో" అని మురిసిపోతాం. ఫోటో కోసం నెట్ గౌను వేయాలనుకుంటే వేయండి. పది నిమిషాలు చాలు. తర్వాత విప్పేయండి, ఎవరేమనుకున్నా.

ఇది చదివి, ప్రేమ ఉన్న తల్లి అయితే తానే కుట్టాలని ఎవరైనా అంటారేమో, నేను అలా అనడం లేదు. పురిటి నడుంనొప్పితో ఉన్నామె, నాపరాళ్ల పనికి పోయొచ్చినామె, ఆఫీసు నుంచి బస్సెక్కి వచ్చినామె మిషన్ ముందు కూడా కూర్చోవాలా? కూర్చుంటే తండ్రి కూర్చోవచ్చు. బజార్లో మిషన్ తొక్కేది మగవాళ్లు కాదా ఏం? వీలుకాకపోతే ప్రతి వీధిలోనూ మిషన్ కుట్టే అక్క ఒకరు ఉంటారు, ఆమెకివ్వండి.

కాకపోతే అక్కడా ఒక పేచీ ఉంది. "జానెడు గుడ్డే కదక్కా, ఊరికే కుట్టియ్యి" అంటాం. జానెడు గుడ్డే కష్టం. ఆ చిన్న చంకను మిషన్ పాదం కింద తిప్పడానికి, అంచు మడవడానికి పెద్దవాళ్ల జాకెట్టుకు పట్టినంత ఓపిక పడుతుంది. మా వీధిలో మిషన్ కుట్టే ఆమె ఆరు జుబ్బాలకు కూలి అడిగితే, తెచ్చినామె "పసిబిడ్డ పేరు మీద కూడా లెక్కలేనా" అని ముఖం ముడుచుకుంది. అదే బిడ్డకు కేకు చేసినాయన్ను, షామియానా వేసినాయన్ను ఆ మాట అడగలేదు.