అదృష్టమట, అదృష్టం!

గెలిచినవాళ్ళని మెచ్చుకోవడం కూడా ఒక విద్యే సుమండీ! మనవాళ్ళకి అది బొత్తిగా అబ్బలేదు. అబ్బకపోతే ఊరుకోవచ్చుగా? ఊరుకోరు. మెచ్చుకుంటున్నామనుకుంటూ చక్కగా అవమానించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు.

2021 ఆగస్టు 2, సోమవారం పొద్దున టోక్యో ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్ళ హాకీ జట్టు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించింది. ఒలింపిక్స్‌లో ఆ జట్టు సెమీఫైనల్ మెట్టెక్కడం అదే మొదటిసారి. హాకీ అంటే నేను చెవి కోసుకుంటాను. ఆట మన టైము ఎనిమిదిన్నరకి. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ వేళకి టిఫిన్ అందలేదు. అడిగే సాహసం కూడా ఎవరూ చెయ్యలేదు లెండి.

ఆట అయిపోయాక మొదలయ్యాయి మెచ్చుకోళ్ళు. ‘‘అదృష్టం కలిసొచ్చిందమ్మాయ్, ఆ దేవుడే గోలు దగ్గర నించుని కాపాడాడు’’ అని మా పెద్దాడపడుచుగారు. ‘‘అచ్చం సినిమాలాగే ఉందండీ’’ అని ఎదురింటి మాస్టారు. టీవీ పెడితే అద్భుతం, పేపరు తిరగేస్తే అద్భుతం. ఇన్ని నోళ్ళలో ఒక్క నోరయినా, ‘‘బాగా ఆడారు’’ అన్న చిన్న మాట అంటుందేమోనని సాయంత్రం దాకా చూశాను.

నాకు తెలీక అడుగుతానూ, అదృష్టం అనేది అంత సేపు నిలబడి కాపలా కాస్తుందా?

హాకీలో ఆట మొత్తం 60 నిమిషాలు. 22వ నిమిషంలో మనకి పెనాల్టీ కార్నర్ దొరికింది. గుర్జీత్ కౌర్ గోలు కొట్టింది. అక్కణ్ణించి ఇంకా 38 నిమిషాలు మిగిలి ఉంది. అవతలి పక్క ఉన్నది సామాన్యులా? పూల్‌లో అయిదు ఆటలకి అయిదూ గెలిచి, అన్నిట్లోనూ కలిపి ఒకే ఒక్క గోలు ఇచ్చి వచ్చిన జట్టు. వాళ్ళకి ఆ రోజు ఏడు పెనాల్టీ కార్నర్లు దొరికాయి. ఏడింటిలో ఒక్కటీ లోపలికి వెళ్ళలేదు.

పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో చూడనివాళ్ళ కోసం చెప్తాను. మన వైపు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురే గోలు గీత వెనక నిలబడాలి. మిగతావాళ్ళంతా మైదానం సగం అవతలికి పోవాలి. ఎదటివాళ్ళు మాత్రం గుంపుగా ముందుంటారు. పక్క నించి బంతి తోస్తారు, ఒకమ్మాయి ఆపుతుంది, ఇంకో అమ్మాయి విసురుతుంది. రాయిలాంటి ఆ బంతి గంటకి వంద కిలోమీటర్ల పైబడ్డ వేగంతో కూడా వస్తుంది. మనమైతే పక్కకి తప్పుకుంటాం. మన వైపు అమ్మాయి మొహానికి మాస్కు తగిలించుకుని దానికి ఎదురు పరిగెత్తాలి. ఎవరు ఎటు పరిగెత్తాలో, ఎవరు ఏ కర్రకి అడ్డంగా నిలబడాలో, బంతి తిరిగొస్తే ఎవరు తీసి అవతల పారెయ్యాలో ముందే అనుకుని, కొన్ని వేలసార్లు చేసి చేసి, కాళ్ళకి అలవాటు చేసుకోవాలి. ఒకసారి అయితే అదృష్టమే అనుకుందాం, రెండుసార్లకీ పోనీ అనుకుందాం. ఏడుసార్లు గోడ కట్టినట్టు నిలబడితే దాన్ని తాపీపని అంటారు గాని అదృష్టం అంటారా?

ఆ గోడకి మధ్యరాయి సవితా పూనియా, గోల్‌కీపర్. మిగతావాళ్ళు డీప్ గ్రేస్ ఎక్కా, నిక్కీ ప్రధాన్, ఉదిత, గోలు కొట్టిన ఆ గుర్జీతూనూ. గోలు కొట్టిన పిల్ల ఫోటో ఇంత లావున వేశారు, సంతోషమే. కాపాడినవాళ్ళ పేర్లు వరసగా చెప్పమంటే చెప్పగలవాళ్ళు మన వీధిలో ఎంతమంది? వంట చేసినావిడని అడుగుతారు గాని, రేపటికి పాలు తోడుపెట్టినావిణ్ణి ఎవరు అడుగుతారు చెప్పండి!

ఇంకో సంగతి. కరోనా మూలంగా ఆ ఒలింపిక్స్‌లో స్టేడియాలు ఖాళీ. చప్పట్లు లేవు, ఈలలు లేవు. అందువల్ల మామూలుగా వినపడని అరుపులు టీవీలో వినపడ్డాయి. గోల్‌కీపర్ వెనక నించి అరుస్తూనే ఉండాలి. ఎటు నించి ఎవరొస్తున్నారో చెప్తూ, ముందున్నవాళ్ళని జరుపుతూ ఉండాలి. ఆవిడ గొంతు ఆగితే ముందు నిలబడ్డవాళ్ళకి వీపున కళ్ళుండవు. ‘‘ఆడపిల్లవి, ఆ అరుపులేమిటే?’’ అని మందలింపులు తిని పెరిగినవాళ్ళం మనం. ఒకమ్మాయి గంటసేపు అరిచి దేశానికి పని చేసిపెడుతుంటే నా మటుకు నాకు చెవులకి పండగ్గా ఉంది.

సరే, సినిమా మాట. 2007లో వచ్చిన ‘చక్ దే ఇండియా’ని నేనూ మూడుసార్లు చూశాను. ఆ సినిమా హీరోగారు కూడా మాజీ కోచ్ కబీర్ ఖాన్‌నని పేరు పెట్టుకుని సరదాగా అభినందనలు పంపారు. ఆయన్ననేదేం లేదు. కానీ మైదానంలో చెమట కార్చింది ఒకళ్ళు, గుర్తుకొచ్చింది ఇంకొకళ్ళు! సినిమాకి అయిదేళ్ళ ముందే, 2002లో, మాంచెస్టర్ కామన్వెల్త్ ఆటల ఫైనల్లో మన ఆడవాళ్ళు ఇంగ్లండ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 3-2తో ఓడించారు. ఆఖరి గోలు మమతా ఖరబ్‌ది. పరాయి గడ్డ మీద, పరాయి జనం మధ్య గెలిచిన ఆ గెలుపులోంచే సినిమాకి కథ పుట్టింది. తల్లిని పట్టుకుని, ‘‘అచ్చం మీ అమ్మాయి పోలికేనండీ’’ అన్నట్టుంది మన వరస.

అదృష్టం అసలే లేదని నేనూ అనను. పూల్‌లో నెదర్లాండ్స్‌తో 5-1, జర్మనీతో 2-0, బ్రిటన్‌తో 4-1... వరసగా మూడు ఓడారు. తరవాత ఐర్లాండ్ మీద 57వ నిమిషంలో నవనీత్ కౌర్ కొట్టిన గోలుతో గెలిచారు. దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ కొడితే 4-3తో గట్టెక్కారు. అయినా ఆ సాయంత్రం బ్రిటన్ మీద ఐర్లాండ్ గెలవకుండా ఉంటేగాని మనకి క్వార్టర్ ఫైనల్ లేదు. ఐర్లాండ్ ఓడింది. అది అదృష్టం. ఆ అదృష్టం తలుపు దగ్గర దాకా దిగబెట్టి వెళ్ళిపోయింది. లోపల ఆస్ట్రేలియా ఉంది.

అయిదేళ్ళ ముందు, 2016లో, రియోలో ఇదే ఆస్ట్రేలియా మనకి 6-1 పెట్టింది. మనం అట్టడుగున, పన్నెండో స్థానంలో నిలిచాం. ఆ రోజు గోలులో నిలబడిందీ ఈ సవితే. ఆరు గోల్స్ తిన్న మనిషి సున్నాకి ఎలా వచ్చింది? 2018 నించి ఒడిశా ప్రభుత్వం జట్టుకి డబ్బిచ్చింది, మంచి శిక్షకులు దొరికారు, 2020 లాక్‌డౌన్లో పిల్లలు బెంగుళూరు శిబిరంలోనే ఉండిపోయారు, 2021 వేసవిలో కెప్టెన్ రాణి, సవిత, ఇంకొందరు కరోనాతో పడి లేచారు. మన చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఎతిమర్పు కూడా టోక్యోకి అదనపు గోల్‌కీపర్‌గా వెళ్ళింది. అవకాశం ఎప్పుడొస్తుందో తెలీకుండా రోజూ ప్యాడ్లు కట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇవేవీ చదివినవాళ్ళకి అద్భుతం అనే మాట నోట రాదు.

ఇంత చిన్న మాటకి ఇంత రభసేమిటంటారా? మాట చిన్నదైతే నేనూ వదిలేసేదాన్నే. పాయసం కుదిరితే, ‘‘పాలు చిక్కగా ఉన్నాయి’’ అంటారు. అడుగంటితే, ‘‘కోడలికి చేతకాలేదు’’ అంటారు. ఎన్ని ఇళ్ళల్లో వినలేదు మనం? గెలుపు దేవుడి ఖాతాలో, ఓటమి పిల్ల ఖాతాలో. ఈ జమాఖర్చులు ఎక్కడికి దారి తీస్తాయో రెండు రోజుల్లోనే తెలిసింది.

ఆగస్టు 4, బుధవారం. సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడాం. ఆ సాయంత్రం హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు చేరి, టపాకాయలు కాల్చి, ఎగతాళిగా గంతులేసి, కులం పేరెత్తి తిట్టారని వాళ్ళింటివాళ్ళు పోలీసులకి ఫిర్యాదిచ్చారు. అరెస్టులూ జరిగాయి. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొట్టమొదటి భారతీయురాలు ఆ అమ్మాయి. మేలో తండ్రి పోతే బెంగుళూరు శిబిరం నించి ఆఖరిచూపుకి కూడా వెళ్ళలేకపోయింది. సోమవారం దేశమంతటికీ ‘మన ఆడపిల్ల’. బుధవారానికి కులం.

ఆ ఇంటి ముందు గంతులేసినవాళ్ళూ మనమూ ఒకటేనా అని కోపం రావచ్చు మీకు. ఒకటి కాదు. కానీ ఆ పిల్లల పనిని పనిగా చూడకపోవడంలో మాత్రం ఇద్దరికీ దగ్గర చుట్టరికం ఉంది. గెలుపులో పనితనం చూడనివాళ్ళకి ఓటమిలో మాత్రం ఎక్కణ్ణించి కనిపిస్తుంది? ఒకరికి దేవుడు కనిపిస్తాడు, ఇంకొకరికి కులం కనిపిస్తుంది. ఆఖరికి 6వ తేదీన కంచు పతకం కోసం బ్రిటన్‌తో ఆడి 4-3తో ఓడారు. అప్పుడందరూ ఆ పిల్లల కన్నీళ్ళని ముద్దు చేశారు. కన్నీళ్ళు అందరికీ వస్తాయండీ. మూడు గోల్స్ అందరికీ రావు.

పరాయి గడ్డ మీద గెలిచారు గదా, సొంత గడ్డ మీద ఏమయిందో కూడా చెప్పాలి. 2024 జనవరి 19, రాంచీ. 1928 ఒలింపిక్స్ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా పేరు పెట్టిన స్టేడియం నిండా మన జనమే. నిక్కీ ప్రధాన్‌ది, సలీమా టెటేది ఆ రాష్ట్రమే. గెలిస్తే పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్తారు. జపాన్ ఆరో నిమిషంలో ఒక గోలు కొట్టింది. మిగిలిన 54 నిమిషాలూ దాన్ని పట్టుకుని కూర్చుంది. మనకి పెనాల్టీ కార్నర్లు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. 1-0. టోక్యోలో మనం ఆస్ట్రేలియాకి ఏం చేశామో, రాంచీలో జపాన్ మనకి సరిగ్గా అదే చేసింది.

మర్నాడు నాతో మాట్లాడినవాళ్ళలో ఒక్కరైనా, ‘‘జపానువాళ్ళ అదృష్టం’’ అనలేదు. ‘‘మనవాళ్ళకి చేతకాలేదు’’ అన్నారు. చూశారా మరి! నేను మాత్రం ఆ రాత్రి ఆట అవగానే, కళ్ళు తుడుచుకుని, జపాన్ గోల్‌కీపర్‌కి చప్పట్లు కొట్టాను. మా ఇంట్లోవాళ్ళు నావంక వింతగా చూశారు. చూస్తే చూశారు.