మూలధనమా, ముక్కుత్రాడా?

మెట్టుగూడలో మెట్రోబండి నెక్కిన యువకుడు బండి మారనక్కరలేకయే రాయదుర్గమున దిగవచ్చును. ఈ కొసను ఉస్మానియా విశ్వవిద్యాలయము, తార్నాక, ప్రజాధనముతో పెరిగిన పరిశోధనశాలలు; ఆ కొసను 2022 జూను 28న ప్రారంభమైన టీ-హబ్ నూతనభవనము. అంతర్జాలమున స్వంతవ్యాపారము నెలకొల్పదలచు మన పిల్లలకు, స్టార్టప్‌లని నేడు పిలువబడు సంస్థల స్థాపకులకు, ఈ దారి తెలిసినదే. 2015లో గచ్చిబౌలియందు మొదలైన టీ-హబ్ ఇంతటిదగుట గర్వింపదగినదే. కాని భవనమును జూచి మురియువారిని మే మొకప్రశ్న యడుగుచున్నాము: అందు పుట్టిన సంస్థ పదియేండ్లకు ఎవరి సొత్తు?

ఈ ప్రశ్నకు సమాధానము గోడలమీద గానరాదు. పెట్టుబడి యొప్పందములో నుండును. న్యాయవాదవృత్తిలో మే మట్టి యొప్పందములను చదివియున్నాము. పుటలు పదులకొలది, భాష ఇంగ్లీషు. సంతకము చేయు యువకుడు వచ్చు సొమ్మును జూచును, షరతును జూడడు. ఒక లెక్క చెప్పెదము. పెట్టుబడిదారుడు 5 కోట్లిచ్చి నాలుగవవంతు వాటా పొందెననుకొందము. అమ్మకము జరిగిన ముందు తన సొమ్ము తాను తీసికొనునట్లు షరతు వ్రాయించెను. సంస్థ 6 కోట్లకు అమ్ముడుపోయినది. నాలుగవవంతు వాటాదారుడు 5 కోట్లు గొనిపోవును. మూడువంతుల వాటాదారులైన స్థాపకులకు, పనివారికి మిగులునది 1 కోటి. సొమ్ముకు రెండింతలు ముందీయవలెనని వ్రాయించియున్నచో ఆ కోటియు మిగులదు.

సొమ్ము పోగొట్టుకొనుటకు సిద్ధపడినవాడు రక్షణ కోరరాదా యని కొంద రడుగుదురు. కోరవచ్చును. పెట్టిన సొమ్ము ముందు తిరిగివచ్చుట అన్యాయమని మే మనము. కాని పెద్దయుద్యోగిని నియమించుటకును, వేరొకరివద్ద మూలధనము తెచ్చుటకును స్థాపకుడు అనుమతి వేడవలెననుట, తగవు వచ్చినచో సింగపూరున తీర్పు కోరవలెననుట రక్షణ యెట్లగును? అవి ముక్కుత్రాళ్లు.

సంస్థ నివాసమునే విదేశమునకు మార్పించు షరతు మఱియొకటి. పనివారు మనవారు, ఖాతాదారులు మనవారు, కాగితము పరాయిది. ఫోన్‌పే 2022లో సింగపూరునుండి స్వదేశమునకు మరలినప్పుడు దాని వాటాదారులు సుమారు 8,000 కోట్ల రూపాయల పన్ను చెల్లింపవలసివచ్చినది. పెద్దసంస్థ గనుక ఆ భారము మోయగలిగెను. తార్నాకలో అద్దెగదిలో నడచు సంస్థ మోయగలదా?

ఇందు దొరతనమువారును నిరపరాధులు గారు. 2012లో వారు విధించిన ‘ఏంజెల్ పన్ను’, వాటాల న్యాయమైన విలువకు మించి దేశవాసి యిచ్చిన సొమ్మును సంస్థకు ఆదాయముగా నెంచి పన్ను గోరెను. విదేశవాసి సొమ్ముకు 2023నాటి చట్టసవరణవరకు ఆ బాధ లేదు! స్వదేశధనమునకు శిక్ష, పరదేశధనమునకు పందిరి. 2019లో గుర్తింపుపొందిన సంస్థలకు మినహాయింపు నిచ్చిరి. 2024 బడ్జెటులో ఆ పన్నునే రద్దుచేసిరి. మంచిదే. పండ్రెండేండ్ల పొరపాటునకు మూల్యము చెల్లించినది మాత్రము మన పిల్లలు.

పనిముట్ల సంగతియు నిట్టిదే. అమెజాన్ వారి కంప్యూటరు కేంద్రములు 2022 నవంబరునుండి హైదరాబాదు నేలమీదనే పనిచేయుచున్నవి. తాళపుచెవి సియాటిల్ నగరమున నున్నది. మొదట కొంత యూరకయే యిత్తురు. అలవాటైన పిదప బిల్లు వచ్చును. 2024 మార్చి 1న గూగుల్, రుసుము తగవుమీద, పేరొందిన భారతీయసంస్థల యాప్‌లను తన అంగడినుండి తొలగించెను. కేంద్రప్రభుత్వము కలుగజేసికొన్న పిదప తిరిగి చేర్చెను. పేరులేని కుఱ్ఱవాని యాప్ తొలగిన ఏ మంత్రి కలుగజేసికొనును?

మన పెద్దలు ఇట్టి సంకటము నెఱిగినవారే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. స్వరాజ్యమునకు పతాక మెంత యవసరమో పద్దుపుస్తకమును అంత యవసరమని ఆ కార్యమే చాటినది. 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినను పాఠము చెడలేదు. నేటి మన ధనికులో? ఊరి వెలుపలి ప్లాటుమీద కోట్లు క్రుమ్మరింతురు. పొరుగింటి పిల్లవాని యాలోచనమీద లక్ష పెట్టుటకు వెనుదీయుదురు. వాడు పరాయి గుమ్మ మెక్కినచో నిందించు హక్కు మనకు లేదు.

కావున మేము కోరునవి నాలుగు. ఉస్మానియా న్యాయకళాశాల వంటివి మాదిరి యొప్పందమును తెలుగున వ్రాయించి, ప్రతి షరతునకును అర్థము చెప్పి, స్థాపకుల చేతి కీయవలెను. చిన్నసంస్థల బాకీ 45 దినములు మించకుండ తీర్పవలెనను 2006నాటి చట్టమును ప్రభుత్వశాఖలే ముందు పాటింపవలెను. 2016లో వచ్చిన యూపీఐ తోపుడుబండివానికిని పెద్దదుకాణదారునకును ఒక్కతీరున అందినట్లు, కంప్యూటరు శక్తియు ప్రజాసాధనముగా చవుకగా అందవలెను. నాలుగవది మనవారి పని: పట్టణమునకు పదిమంది కూడి, చిన్నచిన్న మొత్తములు చేర్చి, న్యాయమైన షరతులతో మన పిల్లల కీయవలెను.

విదేశీయుని సొమ్ము ముట్టరాదని మే మనుటలేదు. వేరొక ద్వారము గలవాడే బేరమాడగలడు. ఆ ద్వారమును మనమే తెరవవలెను. రాయదుర్గపు భవనమున యజమానియై ప్రవేశించిన యువకుడు పాలేరై వెలుపలికి రాకుండ చూచుట మన బాధ్యత.