సొసైటీకి కంప్యూటరు వచ్చింది - పాత తప్పులూ వెంట రావాలా?

పల్లెటూరి సహకార సంఘం ఆఫీసులో బీరువా తలుపు తీస్తే పాత కాగితాల వాసన కొడుతుంది. అట్టలు ఊడిన ఆవర్జాలు, అంచులు చెదలు తిన్న రశీదు పుస్తకాలు, ఏనాటివో చిట్టాలు బయటపడతాయి. ఇప్పుడు ఆ బీరువా పక్కనే బల్ల మీద కంప్యూటరు వచ్చి కూర్చున్నది. దాన్ని చూసి కొందరు రైతులు సంతోషిస్తున్నారు. కొందరు భయపడుతున్నారు. చాలామంది మాత్రం అది గుమాస్తా గారి వ్యవహారం లెమ్మని ఊరుకుంటున్నారు. ఆ ఊరుకోవటమే ప్రమాదం.

2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలను కంప్యూటర్లతో అనుసంధానం చేసే పథకాన్ని ఆమోదించింది. దానికి వేసిన అంచనా 2,516 కోట్ల రూపాయలు. తరువాత సంఘాల సంఖ్యా పెరిగింది, ఖర్చూ పెరిగింది. నాబార్డు ఆధ్వర్యంలో దేశమంతటికీ ఒకే రకమైన సాఫ్ట్‌వేరు తయారయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి సంఘాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. అంటే ఇది ఒక ఊరి సంగతి కాదు. అప్పుకోసమో, ఎరువుకోసమో సొసైటీ గడప తొక్కే ప్రతి రైతుకూ సంబంధించిన సంగతి.

ఒక బస్తా - ఆరు పుస్తకాలు

కంప్యూటరు వల్ల ఒరిగేదేమిటో తెలియాలంటే ముందుగా సొసైటీలో లెక్క ఎలా నడుస్తుందో తెలియాలి. ఒక రైతు పంట రుణం కింద నాలుగు బస్తాల యూరియా తీసుకున్నాడనుకోండి. గోదాము నిల్వ రిజిస్టరులో నాలుగు బస్తాలు తగ్గించాలి. బిల్లు పుస్తకంలో అమ్మకం రాయాలి. ఆ రైతు రుణ ఖాతాలో బాకీ ఎక్కించాలి. ఆనాటి చిట్టాలో నమోదు చేయాలి. ఎరువుల వ్యాపారం కింద జనరల్ లెడ్జరులో చూపాలి. నెలాఖరుకు జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు పంపే పట్టికలో కలపాలి. అదే నాలుగు బస్తాల సంగతి ఆరు చోట్ల రాయాలన్నమాట.

రాసేది ఒకరిద్దరు సిబ్బంది. సీజనులో బయట వంద మంది వరుసలో నిలబడి ఉంటారు. ఒక పుస్తకంలో ఈ రోజు రాస్తారు, రెండవ దానిలో వారం తరువాత రాస్తారు, మూడవ దానిలో మరచిపోతారు. సంవత్సరాంతానికి గోదాము లెక్క ఒకటి, అమ్మకం లెక్క ఒకటి, నగదు లెక్క ఇంకొకటిగా తేలుతుంది. ఆడిటరు వచ్చి పట్టుకునే సరికి కాలం మించిపోతుంది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు ఉంటుంది ఆ వ్యవహారం. ఇందులో ప్రతి తప్పూ మోసం కాదు. కాని మోసం చేయదలచిన వాడికి ఇంతకంటె అనువైన చోటు మరొకటి ఉండదు.

ఒక్కసారి రాస్తే చాలు

పెద్ద కంపెనీలలో ఈ చిక్కును ఎలా తీర్చుకున్నారో, సొసైటీకి వచ్చిన కొత్త ఏర్పాటు కూడా అదే దారిలో నడుస్తుంది. కొనుగోలు, గోదాము, అమ్మకం, నగదు, అప్పులు, జీతాలు - ఇవన్నీ వేరు వేరు పుస్తకాలుగా కాక ఒకే లెక్కకు కొమ్మలుగా ఉంటాయి. నాలుగు బస్తాల సంగతి ఒక్కసారి కంప్యూటరులో ఎక్కిస్తే గోదాములో నిల్వ తగ్గుతుంది, రైతు ఖాతాలో బాకీ పెరుగుతుంది, చిట్టా తయారవుతుంది, జిల్లా బ్యాంకుకూ తెలుస్తుంది. నిల్వ ఎంతకు తగ్గితే మళ్లీ లారీ తెప్పించుకోవాలో, ఎవరి గడువు ఎప్పుడు ముగుస్తుందో, రేపటి చెల్లింపులకు నగదు చాలుతుందో లేదో కార్యదర్శి ఆ పూటే చూసుకోవచ్చు.

దీనివల్ల రైతుకు ఏమి లాభమో ఒక చిన్న లెక్క చూస్తే చాలు. 7 శాతం వడ్డీకి ఇచ్చే పంట రుణాన్ని గడువులోగా తిరిగి కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది. రైతుకు పడేది 4 శాతమే. లక్ష రూపాయల అప్పు మీద ఏడాదికి ఆ తేడా మూడు వేల రూపాయలు. ఒక రైతు గడువు మార్చి 31 అనుకోండి. ఆయన 28వ తేదీనే డబ్బు కట్టి రశీదు తీసుకున్నాడు. ఖాతాలో జమ మాత్రం ఏప్రిల్ 6న ఎక్కింది. కాగితం మీద ఆయన గడువు దాటిన వాడే. తాను చేయని తప్పుకు మూడు వేలు పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. నగదు తీసుకోవటం, రశీదు ఇవ్వటం, ఖాతాలో జమ వేయటం - మూడూ ఒకే పని అయిన చోట ఈ అన్యాయానికి తావు లేదు.

గుజరాత్‌లోని పాల సహకార సంఘాలు ఈ మేలు ఎప్పుడో చవిచూశాయి. 1990ల దశకంలోనే అక్కడి పాల కేంద్రాలలో కంప్యూటరు కాటాలు వచ్చాయి. సభ్యుని నంబరు, పాల తూకం, వెన్న శాతం, రావలసిన పైకం అప్పటికప్పుడే లెక్క తేలి, చీటీ చేతికి వస్తుంది. ఆ పాలు పోసే వారిలో చదువు రాని వారు ఎందరో ఉన్నారు. అయినా ఆ ఏర్పాటు నిలిచిందంటే కారణం ఆ చీటీయే. యంత్రం లోపల ఏమి ఉన్నదో వారికి అక్కరలేదు. యంత్రం రాసుకున్నదే తమ చేతికి వస్తున్నదని తెలిస్తే చాలు.

మిషనులో ఉంది, గోదాములో లేదు

అయితే కంప్యూటరు చెప్పినదే వింటుంది, చూసినది రాయదు. దానికి గోదాము కనిపించదు. ఎరువుల ఈ-పాస్ మిషన్ల సంగతి రైతులకు అనుభవమే. 2018 మార్చి నాటికి దేశమంతటా ఆ ఏర్పాటు వచ్చింది. వేలిముద్ర తీసుకుని మిషనులో అమ్మకం నమోదు చేస్తేనే ఎరువుల కంపెనీకి ప్రభుత్వం సబ్సిడీ చెల్లిస్తుంది. ఉద్దేశం మంచిదే. కాని హడావుడిలో బస్తాలు ముందు ఇచ్చివేసి, మిషనులో తరువాత ఎక్కిద్దామని వదిలేస్తే ఏమవుతుంది? మిషను లెక్క ప్రకారం సరుకు ఉన్నట్లే కనిపిస్తుంది. పైఅధికారి ఆ అంకె చూసి, అక్కడ నిల్వ ఉన్నది కదా అని లారీని ఇంకో ఊరికి పంపుతాడు. పొట్టకొచ్చిన వరి దగ్గర రైతు నిలబడి ఉంటాడు, గోదాములో చీపురు వేసి ఊడ్చినా ఒక బస్తా ఉండదు.

పుస్తకాల కాలంలో ఒక తప్పు ఒక పుస్తకంలోనే ఉండేది. అన్నీ ఒకదానికొకటి ముడిపడిన ఏర్పాటులో ఒక తప్పు అన్ని చోట్లకూ ఒక్క క్షణంలో పాకుతుంది. కనుక సరుకు కదిలినప్పుడే, డబ్బు చేతులు మారినప్పుడే నమోదు జరిగి తీరాలి. తరువాత రాద్దామనే అలవాటు పోనిదే కంప్యూటరు ఉన్నా లేనట్టే.

పాత తప్పుకు కొత్త ముద్ర

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కంప్యూటరు ఖాళీ పలకతో మొదలుకాదు. పాత పుస్తకాలలోని బాకీలను, వాటా ధనాన్ని, డిపాజిట్లను, నిల్వలను అందులోకి ఎక్కిస్తారు. ఆ పుస్తకంలో కట్టిన డబ్బు జమ పడకుండా ఉంటే? చనిపోయిన మనిషి పేరిట అప్పు నడుస్తూ ఉంటే? ఎన్నడూ సంతకం చేయని వాడి పేరిట బినామీ రుణం ఉంటే? అదంతా ఉన్నది ఉన్నట్టు కొత్త లెక్కలోకి వస్తుంది. విత్తు ఒకటి వేస్తే చెట్టు మరొకటి మొలవదు.

పైగా అప్పటివరకు కొట్టివేతలతో, దిద్దుబాట్లతో అనుమానంగా కనిపించిన అంకె, కంప్యూటరు కాగితం మీద అచ్చుగా వచ్చేసరికి నిజమైన అంకెలా కనిపిస్తుంది. పాత రశీదు పట్టుకుని వచ్చిన రైతుకు, కంప్యూటరులో ఇలాగే ఉన్నదయ్యా అనే జవాబు వస్తుంది. ఆ రశీదు రాసిన గుమాస్తా ఈలోగా రిటైరయి ఉంటాడు. అందుకే పాత లెక్కను కొత్తదానిలోకి మార్చే సమయమే రైతుకు అత్యంత ముఖ్యమైనది. ఇప్పటికే మార్చివేసిన సంఘాలలో కూడా ఆలస్యం కాలేదు. ఒక్కసారి సరిచూసుకోవలసిందే.

ఇంగ్లండులో జరిగినది

యంత్రం చెప్పినదే వేదమనుకుంటే ఏమవుతుందో ఇంగ్లండు అనుభవం చెబుతుంది. అక్కడి గ్రామాలలో, చిన్న పట్టణాలలో పోస్టాఫీసులను నడిపే సబ్ పోస్టుమాస్టర్లకు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల ఏర్పాటు ఇచ్చారు. తయారు చేసినది ఫుజిట్సు కంపెనీ. సాయంత్రం లెక్క చూసుకుంటే నగదు తగ్గినట్టు కంప్యూటరు చూపేది. వారు డబ్బు ముట్టలేదు. తప్పు సాఫ్ట్‌వేరుది. కాని ఎవరూ నమ్మలేదు. కంప్యూటరు సరిగానే పనిచేస్తున్నదని భావించాలన్నది అక్కడి కోర్టుల పద్ధతి. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు. ఎందరో లేని లోటును సొంత డబ్బుతో పూడ్చి దివాలా తీశారు.

2019 డిసెంబరులో హైకోర్టు ఆ కంప్యూటరులో లోపాలున్నాయని తేల్చింది. 2021లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసింది. చివరకు 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందలాది మందిని నిర్దోషులుగా ప్రకటించవలసి వచ్చింది. అప్పటికి కొందరు బతికి లేరు.

ఈ కథలో రైతుకే కాదు, సొసైటీ సిబ్బందికి కూడా పాఠం ఉన్నది. రేపు నగదు తేడా వస్తే ముందుగా వేలు చూపేది వారి వైపే. కంప్యూటరుతోపాటు రశీదు నకళ్లు, ఏ పూటకు ఆ పూట చేతితో లెక్కించిన నగదు, నిల్వ కాగితం మీద ఉంటేనే వారికి రక్షణ.

చేయవలసినది

ఇది కంప్యూటరు వద్దనే వాదన కాదు. ఆవర్జాల కాలానికి తిరిగి వెళ్లమని ఏ రైతూ కోరడు. కోరవలసినవి నాలుగే.

మొదటిది: ప్రతి సభ్యునికి తన పాత బాకీ, వాటా ధనం, డిపాజిట్ ఎంత అని కంప్యూటరులో ఎక్కించారో అచ్చు చీటీ ఇవ్వాలి. సభ్యుడు తన రశీదులతో సరిచూసుకుని ఒప్పుకున్నాకే ఆ అంకె ఖాయం కావాలి. అభ్యంతరాలను సర్వసభ్య సమావేశంలో విని పరిష్కరించాలి.

రెండవది: డబ్బు కట్టినా, ఎరువు తీసుకున్నా, ధాన్యం వేసినా కంప్యూటరు రశీదు అక్కడికక్కడే చేతికి రావాలి. కరెంటు లేదు, నెట్ లేదు అంటే చేతిరాత రశీదు అయినా ఇచ్చి, దాని నంబరుతోనే తరువాత ఎక్కించాలి.

మూడవది: నమోదు చేసేవారు ఒకరు, సరిచూసి ఆమోదించేవారు మరొకరు కావాలి. ఎవరి పాస్‌వర్డు వారి దగ్గరే ఉండాలి. పాస్‌వర్డు ఇంకొకరికి చెప్పటమంటే ఇనప్పెట్టె తాళం చెవి ఇచ్చివేయటమే.

నాలుగవది: నెలకొకసారి పాలకవర్గం గోదాముకు వెళ్లి బస్తాలు లెక్కపెట్టి, కంప్యూటరు అంకెతో పోల్చి, ఆ ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టాలి. దీనికి ఒక గంట పని. దీన్ని మించిన ఆడిట్ లేదు.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు, కొత్త నిధులూ అక్కరలేదు. పాలకవర్గానికి మనసు, సభ్యులకు పట్టుదల ఉంటే చాలు. 1904లో ఈ దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినది రైతు షావుకారు చిట్టాను గుడ్డిగా నమ్మవలసిన గతి తప్పించటానికే. షావుకారు చిట్టాలో ఏమి రాసి ఉన్నదో అప్పు తీసుకున్నవాడికి తెలిసేది కాదు. సొసైటీ కంప్యూటరులో ఏమి ఉన్నదో కూడా తెలియకపోతే నూరేళ్ల సహకారోద్యమం రైతుకు మిగిల్చినదేమిటి?

సొసైటీ సభ్యులది. అందులోని కంప్యూటరూ సభ్యులదే. ఈసారి సొసైటీకి వెళ్లే రైతు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత రశీదులు తీసి సంచిలో వేసుకుని వెళ్లటం మంచిది.