గ్లో డ్రిప్‌లో గంధకం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా స్కిన్ క్లినిక్ బోర్డులు లెక్కపెట్టడం మొదలుపెడితే మధ్యలోనే విసుగొస్తుంది. ఈ వ్యాపారంలో ఇప్పుడు బాగా నడుస్తున్న మాట గ్లూటాథియోన్. ముద్దుగా ‘గ్లూటా’. సెలైన్‌లా నరంలోకి ఎక్కించుకుంటే హీరోయిన్ రంగు వచ్చేస్తుందట. పెళ్లి కుదిరిన మా టీమ్‌మేట్ ఒకడు కూడా ‘ఎన్ని సిట్టింగ్స్ పడతాయ్?’ అని వాకబు చేస్తున్నాడు.

నిజానికి ఇదేమీ వింత పదార్థం కాదు. మన ఒంట్లో కణాలే దీన్ని తయారు చేసుకుంటాయి. మూడు అమైనో ఆమ్లాలు కలిస్తే గ్లూటాథియోన్. అందులో అసలు పని చేసేది సిస్టీన్ అనే ముక్కలోని ఒకే ఒక్క సల్ఫర్ పరమాణువు. అదే, మన టపాసుల్లో వాడే గంధకం! కణాన్ని పాడుచేసే పదార్థాలకు అది ఎలక్ట్రాన్ ఇచ్చి చల్లబరుస్తుంది. ఇచ్చేశాక రెండు గ్లూటాథియోన్‌లు సల్ఫర్‌కు సల్ఫర్ జతకట్టి కూర్చుంటాయి. ఓ ఎంజైమ్ వచ్చి వాటిని విడదీసి మళ్లీ డ్యూటీ ఎక్కిస్తుంది. పవర్ బ్యాంక్ టైపు అన్నమాట.

దీని అసలు హీరోయిజం చూడాలంటే కాలేయం దగ్గరికి వెళ్లాలి. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌లో కొంచెం అక్కడ విషంగా మారుతుంది. గ్లూటాథియోన్ తన సల్ఫర్‌తో దాన్ని పట్టేసి బయటికి పంపిస్తుంది. డోసు మితిమీరితే ఆ స్టాక్ అయిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. అప్పుడు డాక్టర్లు ఇచ్చే విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్. అంటే సల్ఫర్ సప్లై! 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించొచ్చు. అందుకే ‘బానే ఉన్నాడు కదా’ అని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మరి రంగు మాటేంటి? మెలనిన్‌లో ముదురు రకం, ఎరుపు-పసుపు రకం అని రెండున్నాయి. రెండోదాని తయారీకి సల్ఫర్ కావాలి. కాబట్టి గ్లూటా ఎక్కువైతే బ్యాలెన్స్ అటు మొగ్గుతుందని థియరీ. వినడానికి బాగుంది. కానీ ఇంజెక్షన్‌తో తెల్లబడతారనడానికి గట్టి ఆధారం లేదు. అమెరికా ఎఫ్‌డీఏ తెల్లబడే ఇంజెక్షన్ ఒక్కదాన్ని కూడా ఆమోదించలేదు. ఈ పిచ్చి బాగా ముదిరిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది: తీవ్రమైన చర్మ రియాక్షన్లు, థైరాయిడ్, కిడ్నీ సమస్యలు రావొచ్చని.

ఇక హీరోయిన్ రంగు అంటారా... అందులో సగం లైటింగ్, మేకప్. మిగతా సగం డీఐ రూమ్‌లో కలరిస్ట్ మౌస్ తిప్పితే వచ్చేది. దానికి నరంలో సూది అక్కర్లేదు బాస్!