వేసవి ఒక్కటే, వాతావరణం ఒక్కటి కాదు: విస్తరణ సలహా ప్రాంతాన్ని బట్టి మారాలి

మార్చి మూడవ వారం దాటగానే రాష్ట్రంలో ఆనాటి అత్యధిక ఉష్ణోగ్రత ఎంత అన్న సంఖ్య ప్రతిరోజూ ప్రచారంలోకి వస్తుంది. ప్రజలను అప్రమత్తం చేయడానికి ఆ సంఖ్య కొంతవరకు ఉపకరిస్తుంది. అయితే రైతుకు ఇచ్చే సలహా కూడా దానినే ఆధారం చేసుకున్నప్పుడు ఇచ్ఛాపురం రైతుకు, హిందూపురం రైతుకు ఒకే వాక్యం చేరుతుంది. ఈ రెండు ప్రాంతాల తొలి వేసవిలో పోలిక కంటే భేదమే ఎక్కువ. ఆ భేదాన్ని విస్మరించిన సలహా వలన విత్తనం, పెట్టుబడి, కొన్ని సందర్భాలలో మనిషి ప్రాణం కూడా నష్టపోయే ప్రమాదం ఉన్నది.

ముందుగా కోస్తా ప్రాంతాన్ని పరిశీలించాలి. సముద్రతీర మండలాలలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ప్రవేశించి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. కాని గాలిలో తేమ అధికంగా ఉండటం వలన చెమట ఆరదు. రాత్రులు కూడా ఉక్కగానే గడుస్తాయి. మే నెలలో పడమటి పొడిగాలులు బలపడిన రోజులలో సముద్రపు గాలి లోపలికి చొరబడలేదు. అప్పుడు కృష్ణా, గుంటూరు, పల్నాడు మైదానాలలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరుగుతుంది. బాపట్లకు, రెంటచింతలకు మధ్య దూరం సుమారు 120 కిలోమీటర్లే అయినా వేసవి తీరులో ఈ రెండింటికీ పొంతన లేదు.

తెలంగాణ పీఠభూమిది పొడి వేడి. ఉత్తర తెలంగాణలో మార్చి నెలలో పగలు ఎండ తీవ్రంగా ఉన్నా రాత్రులు కొంత చల్లబడతాయి. విదర్భ నుండి దక్షిణాదికి ఏర్పడే ద్రోణి వెంబడి బంగాళాఖాతపు తేమగాలి, లోతట్టు పొడిగాలి కలిసినప్పుడు ఉరుములు, ఈదురుగాలులు, వడగండ్లు సంభవిస్తాయి. 2023 మార్చిలో కురిసిన వడగండ్ల వానకు తెలంగాణలో మొక్కజొన్న, మామిడి, కూరగాయల తోటలు దెబ్బతిన్నాయి. ఇక్కడి రైతుకు తొలి వేసవిలో ఎండతోపాటు వడగండ్ల బెడద కూడా ఉంటుంది.

రాయలసీమలో వేడి ముందుగా మొదలవుతుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రతల మధ్య పెద్ద వ్యత్యాసం లేదు. రామగుండంలో మాత్రం ఏప్రిల్ కంటే మే నెల స్పష్టంగా వేడిగా ఉంటుంది. సీమలోనే సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె పరిసరాలలో వేసవి టమాట సాగుకు అనుకూలత ఏర్పడటానికి ఆ ఎత్తు ఇచ్చే చల్లదనం ఒక ముఖ్య కారణం. 800 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న చింతపల్లి ప్రాంతపు వేసవి మైదానపు వేసవికి పూర్తిగా భిన్నమైనది.

ఈ భేదాల ప్రభావం మే నెలలో కురిసే ఒక్క వాన విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మే రెండవ పక్షపు జల్లులు ముందస్తు ఖరీఫ్ నువ్వు విత్తడానికి అదను. అదే వాన అనంతపురంలో వాలుకు అడ్డంగా వేసవి దుక్కి చేసుకోవడానికి పనికివస్తుంది. వేరుశనగ విత్తడానికి ఇంకా సమయం ఉంటుంది. తెలంగాణ నల్లరేగడి భూములలో అదే వానను నమ్మి పత్తి గింజ పెడితే, ఆ తరువాత వచ్చే ఎండలకు మొలక మాడిపోయి రైతు రెండవసారి విత్తనం కొనవలసి వస్తుంది. 60 నుండి 75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల బాగా తడిసిన తరువాతనే పత్తి విత్తాలన్న సిఫారసు ఇందుకోసమే. కాబట్టి "వర్షాలను సద్వినియోగం చేసుకోవాలి" అన్న రాష్ట్రవ్యాప్త సలహా ఒక జిల్లాలో మేలు చేస్తే మరొక జిల్లాలో అప్పు మిగులుస్తుంది.

వరి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పూత దశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. ఈ హద్దును ఏ ప్రాంతం ఏ వారంలో దాటుతుందో తెలిస్తేనే రబీ నాట్లు ఎప్పటికి ముగించాలో చెప్పడం సాధ్యం. అందరికీ ఒకే తేదీని ప్రకటించడం శాస్త్రీయం అనిపించుకోదు.

వడగాడ్పు నిర్ణయంలో భారత వాతావరణ విభాగం ఈ ప్రాంతీయ భేదాన్ని ఏనాడో గుర్తించింది. మైదానాలకు కనీసం 40, తీర ప్రాంతాలకు 37, కొండ ప్రాంతాలకు 30 డిగ్రీల గరిష్ఠ ఉష్ణోగ్రతను ప్రాతిపదికగా తీసుకుని, సాధారణం కంటే పెరుగుదల 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి ఉన్నదా అని చూస్తారు. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వేయి మందికి పైగా మరణించారు. తేమ ఎక్కువగా ఉన్న తీరంలో 38 డిగ్రీల వద్ద పొలంలో పనిచేసే కూలీ పొందే శ్రమను, పొడిగాలిలో అదే ఉష్ణోగ్రత వద్ద కలిగే శ్రమతో సమానంగా లెక్కించరాదు. మిరప కోతలకు, ఉపాధి పనులకు సూచించే పనివేళలలోనూ ఈ తేడా ప్రతిఫలించాలి.

ప్రాంతానికొక సలహా ఇవ్వడం ఆచరణసాధ్యం కాదని, సిబ్బంది చాలరని, భిన్నమైన సూచనలు రైతును గందరగోళపరుస్తాయని ఒక వాదన ఉన్నది. సిబ్బంది కొరత వాస్తవమే; జిల్లా స్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలు 2024లో మూతపడిన తరువాత ఆ లోటు మరింత పెరిగింది. అయినప్పటికీ ఆంధ్రప్రదేశ్‌కు ఆరు, తెలంగాణకు మూడు వ్యవసాయ వాతావరణ మండలాలు ఇప్పటికే నిర్ధారితమై ఉన్నాయి. మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలను ఈ మండలాల వారీగా అన్వయించడానికి కొత్త వ్యవస్థ ఏదీ అవసరం లేదు. రైతు గందరగోళపడతాడన్న భయానికి కూడా ఆధారం తక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న నానుడి అన్ని ఊళ్లలోనూ వినిపిస్తుంది. అయినా ఏ ఊరి రైతు ఆ ఊరి నేలను, గాలిని చూసే విత్తుతాడు.

విస్తరణ శాస్త్రవేత్తలు తక్షణం చేపట్టదగినవి మూడు ఉన్నాయి. మొదటిది, ప్రతి సలహాలో గరిష్ఠ ఉష్ణోగ్రతతోపాటు కనిష్ఠ ఉష్ణోగ్రతను, గాలిలో తేమను, అవి సాధారణం నుండి ఎంత తొలగినవో పేర్కొనడం. రెండవది, తేదీకి బదులు రైతు స్వయంగా గమనించగల షరతును చెప్పడం. ఎంత వాన పడితే, నేల ఎంత లోతు తడిస్తే ఏ పని చేయాలో తెలిపితే ఆ సలహా ఏ మండలంలోనైనా నిలబడుతుంది. మూడవది, వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో తాము పనిచేసే మండలపు సాధారణ వర్షపాతం, ఉష్ణోగ్రతల పట్టికను స్వయంగా తయారుచేసుకోవడం. తన మండలంలో ఏది సాధారణమో తెలియని విస్తరణాధికారి అసాధారణాన్ని గుర్తించలేడు.

వాతావరణ సూచన ఎంత కచ్చితంగా ఉన్నా, అది రైతు పొలానికి తగిన నిర్ణయంగా మారే వరకు దాని ప్రయోజనం సగమే. ఆ మిగిలిన సగం బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలది.